డెంబో బీట్ కథ: రెగ్గేటాన్‌కి ఎవరూ గేటు తీసి లోపలికి పిలవలేదు

2017లో డెస్పసీతో అనే స్పానిష్ పాట వచ్చినప్పుడు ఆ భాష ముక్క రాని వాళ్ళు కూడా ఆ కోరస్ పాడేశారు, మన దగ్గర కూడా కాలేజీ ఫెస్టుల్లో, రీల్స్ లేని ఆ రోజుల్లో వాట్సాప్ స్టేటస్‌లలో తెగ తిరిగింది. అప్పుడు చాలామంది అనుకున్నది ఏంటంటే లాటిన్ మ్యూజిక్‌కి ఒక్కసారిగా టైమ్ కలిసొచ్చింది అని. కానీ ఆ పాటలో సింగర్ లూయిస్ ఫోన్సీ పక్కన ర్యాప్ చేసిన డాడీ యాంకీ అప్పటికే రెగ్గేటాన్ అనే ఈ స్పానిష్ ర్యాప్, డాన్స్ మ్యూజిక్‌లో దాదాపు పాతికేళ్ళ నుంచి ఉన్నాడు. ఆ పాతికేళ్ళలో ఈ మ్యూజిక్ చూడనిది లేదు, పోలీసులు కాసెట్లు ఎత్తుకెళ్ళారు, చట్టసభలో విచారణ పెట్టారు, రేడియో వాళ్ళు గడప దాటనివ్వలేదు, తర్వాత నెత్తిన పెట్టుకున్నారు, మళ్ళీ దించేశారు. ఇంత జరిగినా బతికిందంటే ఒకటే కారణం కనిపిస్తుంది, రెగ్గేటాన్ మొదటి నుంచీ పెద్ద కంపెనీల దారిలో రాలేదు, ఒకళ్ళ దగ్గర ఉన్నది ఇంకొకళ్ళు కాపీ చేసుకుంటూ చేతులు మారుతూ పెరిగింది. దాని బలం అదే, ఇప్పుడు కోర్టులో నడుస్తున్న గొడవకి మూలం కూడా అదే.

ముందు బీట్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా కథంతా ఈజీ. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒకే స్పీడులో లెక్కపెడుతూ ఉండండి. ఒకటి దగ్గర, ఐదు దగ్గర కాలితో నేల మీద తట్టండి. నాలుగు దగ్గర, ఏడు దగ్గర చప్పట్లు కొట్టండి. ఎనిమిది అయ్యాక ఆపకుండా మళ్ళీ ఒకటి నుంచి. రెండు మూడు రౌండ్లు తిరిగేసరికి బూమ్, చ, బూమ్, చిక్ అని వినపడటం మొదలవుతుంది, రెగ్గేటాన్ దరువు డెంబో అనేది అదే. కాలితో తట్టింది కిక్ అనే పెద్ద డ్రమ్, చప్పట్లు స్నేర్ అనే చిన్న డ్రమ్. కిక్ గడియారంలా కదలకుండా నడుస్తుంటే స్నేర్ మాత్రం దాన్ని ఒకసారి ముందుకి, ఒకసారి పక్కకి లాగుతూ ఉంటుంది, ఆ లాగుడు వల్లే నడుము ఊరుకోదు. ఒకటి, నాలుగు, ఏడు, అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య మూడు మూడు రెండు అంకెల దూరం అనే ఈ లెక్క రెగ్గేటాన్ వాళ్ళు కనిపెట్టింది కాదు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకొచ్చిన మనుషులతో పాటు కరీబియన్ దీవులకి వచ్చి క్యూబా పాత డాన్స్ సంగీతం హబనేరా దగ్గర నుంచి జమైకా రెగ్గేలోంచి వచ్చిన డాన్స్‌హాల్ దాకా అన్నిట్లోనూ రకరకాల రూపాల్లో ఉంది. డప్పు మీద తీన్మార్ పడగానే పాట ఏంటో తెలియకముందే కాళ్ళు కదిలినట్టు, అక్కడి జనానికి ఈ లెక్క అలా ఒంట్లో ఉన్నదే.

కథ మొదలైంది ప్యూర్టో రికోలో అని చాలామంది చెప్తారు కానీ అంతకంటే ముందు పనామా ఉంది. 1904 నుంచి 1914 దాకా అమెరికా వాళ్ళు పనామా కాలువ తవ్వించినప్పుడు జమైకా, బార్బడోస్ లాంటి దీవుల నుంచి వేల మంది నల్లజాతి కూలీలు అక్కడికి వెళ్ళారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. వాళ్ళ మనవలు మునిమనవలు ఇంట్లో కరీబియన్ ఇంగ్లిష్, వీధిలో స్పానిష్ మాట్లాడుతూ పెరిగారు, జమైకా నుంచి వచ్చే రెగ్గే రికార్డులు వాళ్ళకి పరాయివి కావు, చుట్టాల ఇంటి నుంచి వచ్చిన పాటలు. 80లలో రెనాటో, నాండో బూమ్, ఎల్ జెనరాల్ లాంటి వాళ్ళు ఆ జమైకన్ ట్యూన్లకి స్పానిష్ మాటలు కట్టి పాడటం మొదలుపెట్టారు. వాటిని జనంలోకి తీసుకెళ్ళింది రేడియో కంటే బస్సులు. అమెరికాలో పాతబడిపోయిన స్కూల్ బస్సుల్ని తెచ్చుకుని, వాటికి బాడీ అంతా రంగురంగుల బొమ్మలు వేయించి, లోపల పెద్ద స్పీకర్లు బిగించి తిప్పేవాళ్ళు, వాటిని దియాబ్లోస్ రోహోస్ అంటారు. టికెట్ తీసుకున్న ప్రతి ఒక్కరూ స్టాప్ వచ్చేదాకా ఆ కాసెట్లు వినాల్సిందే, ఏ కంపెనీ కూడా అంత పబ్లిసిటీ చేయించలేదు.

ఇప్పుడు జమైకా వైపు. అక్కడ రిడ్డిమ్ అనే పద్ధతి ఉంది, ఒక మ్యూజిక్ ట్రాక్ తయారవుతుంది, దాని మీద పది మంది సింగర్లు పది వేరే పాటలు పాడతారు, అది తప్పు అని ఎవరూ అనుకోరు. స్టీలీ అండ్ క్లీవీ అనే ఇద్దరు 1989లో ఫిష్ మార్కెట్ అనే రిడ్డిమ్ చేశారు. ఆ దరువు మీదే 1990లో బాబీ డిజిటల్ నిర్మాణంలో షాబా ర్యాంక్స్ డెమ్ బో అనే పాట పాడాడు, డెంబో అనే పేరు దీన్నుంచే. ఆ పాటలో అణచివేతకి తల వంచొద్దు అనే మాటా ఉంది, గే మనుషుల మీద పచ్చి ద్వేషమూ ఉంది, రెండోదాన్ని ఏ రకంగానూ సమర్థించలేం. న్యూయార్క్‌లో ఉన్న పనామా, జమైకా మ్యూజీషియన్లు కలిసి ఆ పాటకి స్పానిష్ వెర్షన్లు చేశారు, దాని దరువుని కొత్తగా వాయించి రికార్డ్ చేశారు, అలా తయారైన ఇన్‌స్ట్రుమెంటల్ ఒకటి ప్యూర్టో రికో డీజేల చేతిలో పడింది. అక్కడి నుంచి పాట వెనక్కి పోయి దరువు ముందుకొచ్చింది, పాడినవాళ్ళని జనం మర్చిపోయారు, ఆ కొన్ని సెకన్ల లూప్ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ప్యూర్టో రికో 1898 నుంచి అమెరికా చేతిలో ఉన్న దీవి, అక్కడివాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులు కానీ దీవిలో ఉన్నంతకాలం ప్రెసిడెంట్‌కి ఓటు వేయలేరు. పౌరసత్వం ఉండటం వల్ల న్యూయార్క్‌కి రాకపోకలు మామూలు విషయం, అమ్మ దీవిలో ఉంటే పిన్ని బ్రాంక్స్‌లో ఉంటుంది, సెలవులకి అటూ ఇటూ తిరిగే పిల్లలతో పాటు హిప్ హాప్ కాసెట్లు కూడా తిరిగాయి. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టిన వీకో సీ అనే ర్యాపర్ 80లలోనే స్పానిష్‌లో ర్యాప్ చేసి చూపించాడు. పనామా నుంచి స్పానిష్ రెగ్గే, న్యూయార్క్ నుంచి ర్యాప్, ఈ రెండూ 90ల మొదట్లో ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లో కలిశాయి. డీజే నీగ్రో నడిపిన ద నాయిస్ అనే క్లబ్ ఒక అడ్డా, డీజే ప్లేయెరో చేసే మిక్స్‌టేపులు ఇంకో అడ్డా. ఆ టేపులకి పేర్లు కూడా ఉండేవి కాదు, ప్లేయెరో 37, ప్లేయెరో 38 అని నంబర్లే. గవర్నమెంట్ కట్టించిన పేదల హౌసింగ్ కాలనీలు, వాటిని కాసెరియోలు అంటారు, అక్కడి కుర్రాళ్ళు ఆ దరువు మీద నోటికొచ్చిన ర్యాప్ ఆపకుండా చెప్పేవాళ్ళు, పోలీసులు, డ్రగ్స్, సెక్స్, పక్క వీధి గొడవలు, అన్నీ వచ్చేవి. ఒక కాసెట్ కొంటే దాన్నుంచి ఇంట్లో టేప్ రికార్డర్ మీద ఇంకో నాలుగు చేసుకునేవాళ్ళు. అప్పట్లో దీన్ని అండర్‌గ్రౌండ్ అనేవాళ్ళు, రెగ్గేటాన్ అనే పేరు గట్టిగా అతుక్కున్నది తర్వాతే. ప్లేయెరో టేపుల్లో వినిపించే టీనేజ్ కుర్రాళ్ళలో ఒకడు రామోన్ అయాలా, బేస్‌బాల్ ఆడి పైకొద్దామనుకున్నవాడు, కాలనీలో జరిగిన కాల్పుల్లో కాలికి తూటా దిగి ఆట దారి మూసుకుపోయింది, ఆ కుర్రాడే డాడీ యాంకీ.

1993లో గవర్నర్ అయిన పెద్రో రొసెయ్యో క్రైమ్ మీద మానో దూరా అనే కఠిన పాలసీ తెచ్చాడు, కాసెరియోల్లోకి పోలీసులతో పాటు నేషనల్ గార్డ్ సైనికుల్ని కూడా దింపాడు. ఇళ్ళ మధ్య చెక్‌పోస్టులు, చుట్టూ కంచెలు. డ్రగ్స్ మీద యుద్ధం అన్నారు కానీ అక్కడ పుట్టిన ప్రతి నల్ల కుర్రాడూ అనుమానితుడు అయిపోయాడు, వాడు వినే పాట కూడా. 1995 ఫిబ్రవరిలో పోలీసులు సాన్ హువాన్ ప్రాంతంలో రికార్డు షాపుల మీద దాడులు చేసి అశ్లీలత పేరుతో వందల కాసెట్లు, సీడీలు సీజ్ చేశారు. దాని వల్ల జరిగింది ఏంటంటే అప్పటిదాకా కాలనీల బయట పెద్దగా తెలియని ఈ మ్యూజిక్ పేపర్లకి ఎక్కింది, మిడిల్ క్లాస్ ఇళ్ళలో పిల్లలు కూడా అదేంటో విందామని వెతుక్కున్నారు. షాపులో లేకపోతే స్నేహితుడి దగ్గర కాపీ ఉంటుంది, దాన్ని ఏ పోలీస్ సీజ్ చేస్తాడు? 2002లో మళ్ళీ సెనేటర్ వెల్దా గొన్సాలెస్ ముందుండి వీడియోల్లో ఆడవాళ్ళని చూపించే తీరు మీద, పెర్రేయో డాన్స్ మీద విచారణ నడిపారు. పెర్రేయో అంటే వెనక నుంచి ఆనుకుని నడుముతో చేసే డాన్స్, పెద్దవాళ్ళకి నచ్చకపోవటం సహజమే. వీడియోల్లో ఆడవాళ్ళని వస్తువుల్లా చూపించారన్న విమర్శలో నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ అదే టైమ్‌లో టీవీలో మిగతా ఎంటర్‌టైన్‌మెంట్ కూడా ఏం పద్ధతిగా లేదు, దానికి రాని విచారణ కాసెరియో పిల్లల పాటలకే ఎందుకొచ్చింది అన్న ప్రశ్నకి అప్పుడూ సరైన జవాబు రాలేదు.

ఆ విమర్శకి లోపలి నుంచే జవాబు చెప్పింది ఐవీ క్వీన్ అనే ర్యాపర్. ద నాయిస్ గుంపులో మగవాళ్ళ మధ్య చేరి తన లిరిక్స్ తనే రాసుకుని నిలబడిన మనిషి, 2003 ప్రాంతంలో వచ్చిన కియెరో బైలార్ అనే పాటలో సూటిగా చెప్తుంది, నాకు డాన్స్ చేయాలని ఉంది, చెమట పట్టేదాకా నీతో ఆడతాను, అంతమాత్రాన నీతో పడక దాకా వస్తానని కాదు. పెర్రేయోని వద్దనకుండా, దాని రూల్స్ మాత్రం ఆడమనిషే పెడుతుంది అన్నమాట. విచారణలో ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రానంత మార్పు ఆ మూడు నిమిషాల పాట తెచ్చింది అనిపిస్తుంది. అదే రోజుల్లో టేగో కాల్డెరోన్ అనే ర్యాపర్ ఎల్ అబయార్దే ఆల్బమ్‌తో వచ్చాడు, ప్యూర్టో రికో నల్లవాళ్ళ పాత సంగీతం బొంబా డ్రమ్ముల వాసన, తొందర లేని బరువైన గొంతు, నల్లవాడిగా పుట్టటం గురించి తల ఎత్తుకుని పాడటం. చదువుకున్న వాళ్ళు, సల్సా తప్ప వినని పెద్దవాళ్ళు కూడా మొదటిసారి చెవి ఇటు పెట్టింది టేగో వల్లే.

ఇక 2004. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి అమెరికాలో మసాచుసెట్స్‌లో పెరిగిన ఇద్దరు కుర్రాళ్ళు, హార్వర్డ్ యూనివర్సిటీ క్యాంటీన్లలో పని చేసుకుంటూ కంప్యూటర్ మీద బీట్లు చేసేవాళ్ళు, ప్యూర్టో రికో వచ్చి లూనీ ట్యూన్స్ అనే పేరుతో సెటిలయ్యారు. ఫ్రూటీ లూప్స్ లాంటి చవక సాఫ్ట్‌వేర్ చాలు, పెద్ద స్టూడియో అక్కర్లేదు, కాసెట్ రోజుల్లో ఉన్న చేతిపని తెలివి ఇప్పుడు కంప్యూటర్‌లోకి వచ్చింది. పాత డెంబో లూప్ మీద సింథ్ మెలోడీలు, డొమినికన్ పాటల బచాటా గిటార్ లాంటివి కలిపి సౌండ్‌ని పెద్దది చేశారు. డాడీ యాంకీ బార్రియో ఫీనో ఆల్బమ్‌లో గాసోలీనా అనే పాట వాళ్ళు చేసిందే. మోటార్‌సైకిల్ రేస్ చేస్తున్నట్టు మొదలై, వెనక గ్లోరీ అనే సింగర్ ఇంకా పెట్రోల్ పోయమని అరిచే ఆ హుక్ స్పెయిన్ దగ్గర నుంచి జపాన్ దాకా తిరిగింది. అమెరికా పాటల చార్ట్ హాట్ 100లో 32వ ప్లేస్ దాకానే వెళ్ళింది కానీ చార్ట్ నంబర్‌తో దీన్ని కొలవలేం, అమెరికాలో స్పానిష్ రేడియో స్టేషన్లు కొన్ని రాత్రికి రాత్రి పాత పాటలు ఆపేసి రెగ్గేటాన్ స్టేషన్లుగా మారిపోయాయి. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డింగుల లిస్టులో గాసోలీనాని చేర్చింది, ఆ లిస్టులోకి వెళ్ళిన మొదటి రెగ్గేటాన్ పాట అది.

పైకి లేపిన రేడియోనే త్వరగా కింద పడేసింది కూడా. కంపెనీలు ఎగబడి అందర్నీ సైన్ చేసుకున్నాయి, అందరూ ఒకే ఫార్ములా కొట్టారు, జనానికి మొహం మొత్తింది, 2000ల చివరికి వచ్చేసరికి ఆ స్టేషన్లు చాలావరకు మళ్ళీ ఫార్మాట్ మార్చేసుకున్నాయి, రెగ్గేటాన్ పని అయిపోయింది అని రాశారు కూడా. ఆ టైమ్‌లో దాన్ని బతికించింది కొలంబియాలోని మెడెలిన్ సిటీ. ప్యూర్టో రికోలో కెరీర్ పాడైపోయిన సింగర్ నికీ జామ్ అక్కడికి వెళ్ళి చూస్తే జనం తన పాత పాటలు ఇంకా పాడుతున్నారు, అక్కడే మళ్ళీ నిలదొక్కుకుని 2015లో ఎన్రికే ఇగ్లేసియాస్‌తో ఎల్ పెర్దోన్ ఇచ్చాడు. తర్వాత స్టార్లయిన జే బాల్విన్, మలూమా, కరోల్ జీ అందరూ ఆ ఊరి వాళ్ళే. వాళ్ళు చేసింది మెత్తబడిన రెగ్గేటాన్, ర్యాప్ తగ్గి పాట పెరిగింది, గల్లీ కోపం పోయి ప్రేమ, పార్టీ మిగిలాయి. దరువు మాత్రం అదే. యూట్యూబ్, తర్వాత స్పాటిఫై వచ్చాక రేడియో ప్రోగ్రామ్ డైరెక్టర్ అనే కాపలాదారుడితో పని లేకుండా పోయింది, మెక్సికో సిటీలో ఒక కుర్రాడు, మాడ్రిడ్‌లో ఒక అమ్మాయి నొక్కిన ప్లే బటన్లన్నీ ఒకే లెక్కలో పడటం మొదలయ్యాక అందరికీ అర్థమైంది స్పానిష్ వినే జనం ఎంతమందో.

ఆ లెక్కని బయటపెట్టింది డెస్పసీతో అనే ఆ పాటే. 2017 జనవరిలో రిలీజ్, ఏప్రిల్‌లో జస్టిన్ బీబర్ రీమిక్స్, ఆ తర్వాత హాట్ 100లో 16 వారాలు నంబర్ వన్, అప్పటికి అది రికార్డుతో సమానం. 1996లో మకరేనా తర్వాత ఎక్కువ భాగం స్పానిష్‌లో ఉన్న పాట అక్కడికి వెళ్ళటం అదే మొదటిసారి. ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి, ఈ మ్యూజిక్ ఎంత పైకి వెళ్తే ముందు వరసలో కనిపించే ముఖాలు అంత తెల్లబడుతూ వచ్చాయి. నల్లవాళ్ళ మ్యూజిక్ అని పిలిపించుకుని దెబ్బలు తిన్న రోజుల్లో ఉన్నవాళ్ళు మ్యాగజైన్ కవర్ల రోజుల్లో పక్కకి జరిగిపోయారు. టేగో స్థాయి ఆర్టిస్ట్‌కి గౌరవం దక్కింది కానీ ఈ కొత్త డబ్బులో వాటా ఆ లెక్కలో దక్కలేదు. 2019లో లాటిన్ గ్రామీ అవార్డుల ప్రధాన కేటగిరీల్లో రెగ్గేటాన్ వాళ్ళని పక్కనపెట్టారని స్టార్లందరూ గొడవ చేశారు, న్యాయమైన గొడవే, కానీ పనామా, జమైకా పేర్లు ఆ గొడవలో వినపడలేదు.

అదే 2019 వేసవిలో ప్యూర్టో రికోలో జరిగింది మాత్రం ఈ మ్యూజిక్ చరిత్రలోనే పెద్ద ఘట్టం. 2017 మరియా తుఫాను దెబ్బకి దీవి చీకట్లో మగ్గిపోయింది, చావుల లెక్క 64 అని మొదట చెప్పిన ప్రభుత్వం తర్వాత 2,975 అని ఒప్పుకుంది. అలాంటి టైమ్‌లో గవర్నర్, అతని మనుషులు టెలిగ్రామ్ గ్రూపులో వేసుకున్న 889 పేజీల చాట్ బయటికొచ్చింది, అందులో ఆడవాళ్ళ మీద, గే మనుషుల మీద బూతులు, తుఫాను శవాల మీద జోకులు. లక్షల మంది రోడ్డెక్కారు. అప్పటికే రెగ్గేటాన్ స్టార్ అయిన బ్యాడ్ బన్నీ టూర్ ఆపేసి వచ్చి ర్యాలీలో కలిశాడు, ర్యాపర్ రెసిదెంతే, సింగర్ ఇలేతో కలిసి గవర్నర్ మీద పాట వదిలాడు. జులై 24 రాత్రి ఓల్డ్ సాన్ హువాన్‌లో పెద్ద చర్చి మెట్ల మీద కుర్రాళ్ళు, అమ్మాయిలు, ట్రాన్స్ మనుషులు అందరూ చేరి పెర్రేయో చేశారు, నిరసనగా. ఆ రాత్రే గవర్నర్ రాజీనామా ప్రకటన వచ్చింది. ఆ గవర్నర్ పేరు రికార్దో రొసెయ్యో, 90లలో కాసెరియోల్లోకి సైనికుల్ని పంపిన పెద్రో రొసెయ్యో కొడుకు.

బ్యాడ్ బన్నీ గురించి విడిగా చెప్పాలి. వేగా బాహా అనే ఊళ్ళో సూపర్ మార్కెట్‌లో కస్టమర్ల సామాన్లు సంచుల్లో సర్దే పని చేస్తూ సౌండ్‌క్లౌడ్‌లో పాటలు పెట్టుకున్నవాడు, మళ్ళీ అదే దారి చూడండి, కాసెట్ పోయి అప్‌లోడ్ వచ్చింది అంతే. 2020 నుంచి వరసగా మూడేళ్ళు స్పాటిఫైలో ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా విన్న ఆర్టిస్ట్, ఒక్క పాట కూడా ఇంగ్లిష్‌లోకి మార్చకుండా. 2020లో యో పెర్రేయో సోలా అనే పాటలో అమ్మాయి ఒంటరిగా డాన్స్ చేసుకుంటోంది, ఆమె వద్దంటే గౌరవించండి అని చెప్పాడు, వీడియోలో తనే ఆడవేషం వేశాడు, రీమిక్స్‌లో ఐవీ క్వీన్‌ని పిలిచాడు. డెమ్ బో పాట మాటల్లో ఉన్న ద్వేషాన్ని తలుచుకుంటే అదే దరువు ముప్పై ఏళ్ళలో ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. 2025 జనవరిలో వచ్చిన దెబీ తిరార్ మాస్ ఫోతోస్ ఆల్బమ్‌లో రెగ్గేటాన్‌ని సల్సా, ప్లేనా లాంటి దీవి పాత సంగీతాలతో కలిపాడు, మ్యూజిక్ స్కూల్ పిల్లలతో వాయించాడు. అదే ఏడాది సాన్ హువాన్‌లో ఒకే స్టేడియంలో 31 షోలు, మొదటి తొమ్మిది దీవిలో ఉండేవాళ్ళకి మాత్రమే. తర్వాతి వరల్డ్ టూర్‌లో అమెరికా ప్రధాన భూభాగాన్ని పెట్టలేదు, షోల బయట ఇమిగ్రేషన్ అధికారులు జనాన్ని పట్టుకుంటారన్న భయం కూడా ఒక కారణమని తనే చెప్పాడు.

ఇక కోర్టు సంగతి. ఫిష్ మార్కెట్ రిడ్డిమ్ చేసిన స్టీలీ అండ్ క్లీవీ తరఫున 2021లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో కేసు పడింది, స్టీలీ 2009లోనే చనిపోయాడు కాబట్టి క్లీవీ, స్టీలీ వారసులు నడుపుతున్నారు. మొదట కొద్దిమంది మీద వేసిన ఆ కేసు పెరిగి పెరిగి డాడీ యాంకీ, బ్యాడ్ బన్నీ, ఫోన్సీతో సహా వంద మందికి పైగా ఆర్టిస్టుల మీదకి, వెయ్యికి పైగా పాటల మీదకి పాకింది. కిక్ ఎక్కడ పడాలి, స్నేర్ ఎక్కడ పడాలి అన్నది ఎవడి సొత్తూ కాదు, అది సంగీతానికి పునాది ఇటుక అని అవతలి లాయర్ల వాదన. 2024లో జడ్జి కేసు కొట్టేయటానికి ఒప్పుకోలేదు, ముందుకి వెళ్ళనిచ్చారు. రెండు వైపులా న్యాయం ఉండటమే ఇందులో కష్టం. క్లీవీ వాళ్ళు చేసింది ఊరికే మూడు మూడు రెండు లెక్క కాదు, ఆ డ్రమ్ సౌండ్లు, వాటి మధ్య ఖాళీలు, ఆ బాస్, అదంతా వాళ్ళ చెవి, వాళ్ళ కష్టం, దాని మీద వేల కోట్ల వ్యాపారం నడుస్తుంటే జమైకాకి కనీసం క్రెడిట్ కూడా సరిగ్గా రాలేదు. కానీ దరువు మొత్తాన్ని ఒకరి పేరు మీద రాసిస్తే రేపు ఏ కాసెరియోలోనో లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడు మొదటి బీట్ చేసేముందే లాయర్‌ని అడగాల్సి వస్తుంది, ఆ ఫీజు పెద్ద కంపెనీలకి లెక్కలో లేదు, వాడికి ఉంటుంది. డబ్బులు రావాల్సింది జమైకాకే, అందులో డౌట్ లేదు, అది ఇప్పటికే సంపాదించిన కంపెనీల దగ్గర నుంచి రావాలి, బీట్‌కి తాళం వేసి కాదు.